గురుగ్రహం చెప్పిన టైం

రాజం చనిపోయిన తొమ్మిదో రోజు పొద్దున, అతని చావు ఘడియను ఎవరో పదహారు నిమిషాలు ఆలస్యం చేసి చూపారని, ఆ దొంగపని తన ఇంట్లో, తన కంప్యూటర్‌లోనే జరిగిందని శోభ కనిపెట్టింది.

నిజానికి ఆ పొద్దున ఆమె కింద మూలగదిలో ఉండాలి. భర్త పోయిన ఆడమనిషి పదో రోజు దాకా ఆ గది గడప దాటకూడదని చుట్టాలు కట్టడి పెట్టారు. ఏడింటికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. పంపింది హైదరాబాద్‌లో ఫిజిక్స్ చెప్పే తిరుమల. ఇలాంటప్పుడు అడగడం తప్పేననీ, కానీ ఆరో తేదీ ఫైలులో టైం తేడాగా ఉందనీ, వీలైతే ఒకసారి చూడమనీ రాసింది.

ఆరో తేదీ అంటే రాజం పోయిన రోజు.

శోభ లేచి గడప దగ్గరికి వచ్చింది. బయట బియ్యం చెరుగుతున్న అత్త పూలమ్మ తలెత్తి కోడలి ముఖం చూసింది. 

"పో. ఎవలన్నా అడిగితే నేను చెప్త," అంది.

డాబా మీద రేకుల గది. దాని పక్కన నాలుగు ఇనుప పైపులు, వాటి మధ్య లాగి కట్టిన రెండు రాగి తీగలు. కట్టిన కొత్తలో పూలమ్మ వాటి మీద చీరలు ఆరేసేది. కోడలు బట్టల కోసం ఇంత ఖరీదైన తీగ ఎందుకు తెచ్చిందో ఆమెకు చాలా రోజులు అర్థం కాలేదు. తీగల నుంచి వచ్చిన వైరు గదిలో ఒక రిసీవర్‌కు, అక్కడి నుంచి పాత లాప్‌టాప్‌కు పోతుంది. రోజూ తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఆరింటి దాకా ఆ యంత్రం దానంతటదే గురుగ్రహం చప్పుడు రికార్డు చేసి, ఆ ఫైలుకు తేదీని, మొదలైన టైమును పేరుగా పెట్టుకుంటుంది. ఆ రికార్డును గీతలుగా చూపే చార్టు మీది టైములన్నీ ఆ పేరును బట్టే పడతాయి.

శోభ గోదావరిఖనిలో ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్. ఈ పని ఎవరూ చెప్పింది కాదు. గురుడి చుట్టూ తిరిగే ఉపగ్రహాల్లో అయో అనే దాని మీద అగ్నిపర్వతాలు ఎప్పుడూ కక్కుతూనే ఉంటాయి. ఆ వాయువు విద్యుదావేశం పొంది ప్లాస్మాగా మారి, గురుడి చుట్టూ పెద్ద కంకణంలా పేరుకుంటుంది. అయో ఆ ప్లాస్మాలో కదులుతుంటే, బిగించిన తీగను మీటినట్టు కెరటాలు పుడతాయి. అవి గురుడి అయస్కాంత బలరేఖల వెంట ధ్రువాల దాకా పరుగెత్తి, అక్కడి ఎలక్ట్రాన్లను ఉరికిస్తాయి. ఆ ఎలక్ట్రాన్ల అరుపే రేడియో తరంగాలుగా ఇక్కడి దాకా వస్తుంది. స్పీకర్‌లో పెడితే ఒకసారి ఒడ్డుకు కొట్టే అలల్లా, ఒకసారి మంగలంలో మక్కపేలాలు వేగినట్టు వినిపిస్తుంది.

పెళ్లయిన కొత్తలో ఇదంతా చెబితే రాజం కాసేపు ఆలోచించి, "అంటే బాయిల హాలేజి గంట అసొంటిదన్నట్టు. కింద ఉన్నోడు తీగ గుంజుతడు, పైన గంట మోగుతది," అన్నాడు. అంతకంటే బాగా ఆమె క్లాసులో ఎప్పుడూ చెప్పలేకపోయింది.

చిక్కల్లా కమాన్‌పూర్‌లో వాళ్ల ఇంటికి అర కిలోమీటరు దూరంలో ఉన్న బొగ్గు ప్లాంటుతోనే. అది ఒక ప్రైవేటు కాంట్రాక్టరుది. అక్కడ బొగ్గు మోసే బెల్టు మోటరు స్టార్ట్ చేయగానే చార్టు మీద నిలువుగా ఒక గీత పడుతుంది. నడిచినంతసేపూ దువ్వెన పళ్లలా సన్న గీతలు. మోటరు ఆగితే అవీ ఆగిపోతాయి. ఏది గురుడిదో, ఏది ప్లాంటుదో తేల్చడానికి శోభ, తిరుమల ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకే టైంలో ఇక్కడా, హైదరాబాద్‌లోనూ రికార్డు చేయాలి. ప్రతి ఆదివారం శోభ ఫైళ్లు వాటంతటవే తిరుమలకు చేరతాయి. రెండు చార్టులను ఒకదాని కింద ఒకటి పెడితే, రెండింటిలోనూ ఉన్నది గురుడిది. కమాన్‌పూర్ చార్టులో మాత్రమే ఉన్నది ప్లాంటు చెత్త.

రాజం ఆ ప్లాంటులోనే ఫిట్టరు. అతన్ని అక్కడ పెట్టించింది సదానందం.

సదానందానికి అరవై రెండేళ్లు. ముప్పై ఏళ్లు భూగర్భ బావుల్లో షిఫ్టును అజమాయిషీ చేసే ఓవర్‌మ్యాన్‌గా చేసి రిటైరై, కాంట్రాక్టరు దగ్గర కంట్రోల్ రూము చూస్తున్నాడు. వరసకు రాజానికి కాక, అంటే చిన్నాన్న; శోభకు మామ. తీగలు కట్టిన రోజునే డాబా ఎక్కి చూసి నవ్వాడు. "బిడ్డా, నువ్వు వింటున్నది గురుణ్ణి గాదు, మా మోటర్ల ఏడుపు. ఈ చుట్టుపట్ల ఏ చప్పుడైనా మాదే," అన్నాడు. అది వేళాకోళం కాదు, అతని నమ్మకం. బొగ్గుబావుల పక్కన పుట్టి పెరిగిన మనిషికి, చప్పుడనేది ఇంకెక్కడి నుంచైనా వస్తుందంటే నమ్మబుద్ధి కాలేదు. రాజం సరదాకు అతనికి ఫైళ్లు తెరవడం, పేరులోని టైమును బట్టి గీతలు చదవడం కూడా నేర్పాడు. కాక పొద్దున ఎన్నింటికి బెల్టు పెట్టాడో తమ ఇంట్లోనే తెలిసిపోతుందని ఆట పట్టించేవాడు.

ప్లాంటులో ఒక నియమం ఉంది. దాన్ని కట్టింది కూడా సదానందమే, పాత బావుల అలవాటు కొద్దీ. బెల్టు కిందికి పోయే మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ళను కంట్రోల్ రూములో స్విచ్చు పక్కన కొండికి తగిలించి, ఒక వాకీటాకీ తీసుకుని పోవాలి. దాన్ని అందరూ సెట్టు అంటారు. పని ముగించి పైకి వచ్చాక సెట్టు వాపసు ఇచ్చి, తన బిళ్ళ తానే తీసుకోవాలి. కొండికి బిళ్ళ ఉన్నంతసేపు బటన్ ముట్టకూడదు. ఒకరి బిళ్ళ ఇంకొకరు తాకడం శవాన్ని దాటడంతో సమానం.

ఆరో తేదీ రాత్రి షిఫ్టు చివర్లో రాజం బెల్టు చివరనున్న డ్రమ్ము కింద పేరుకున్న బొగ్గు తీయడానికి పోయాడు. సదానందం చేతిరాతలో ఉన్న రిజిస్టరు ప్రకారం, అయిదూ ముప్పై అయిదుకు పైకి వచ్చి, సెట్టు ఇచ్చి, బిళ్ళ తీసుకున్నాడు. అయిదూ నలభై ఒకటికి సదానందం బటన్ నొక్కి బెల్టు పెట్టాడు. నిమిషం కాకముందే ఏదో అడ్డం పడ్డట్టయి ఆపాడు. గేటు దగ్గర చాయ్ తాగి వస్తున్న ఆగయ్య అనే బెల్టు వర్కర్, అయిదూ నలభై రెండుకు డ్రమ్ము కింద రాజం శవాన్ని చూశాడు. అంగీ అంతా మందు వాసన.

కాంట్రాక్టరు మేనేజరు విచారణ వారంలో ముగిసింది. ఫిట్టరు తాగి ఉన్నాడని, బిళ్ళ తీసుకున్నాక ఎందుకో మళ్లీ కిందికి దూరాడని, తప్పు పూర్తిగా అతనిదేనని తేల్చారు.

ఆ కాగితం కన్నా శోభను ఎక్కువగా కోసింది ఇంకొకటుంది. రాజం చుక్క ముట్టడు. రిజిస్టరు అబద్ధమని తన రికార్డు నిరూపిస్తుందని నమ్మి, మూడో రోజున ఆమే చార్టు ఇస్తానని మేనేజరుకు కబురు పంపింది. గది దాటే వీల్లేదు కాబట్టి, పరామర్శకు వచ్చిన సదానందాన్నే పైకి పోయి ఫైలు తెమ్మంది. అతను పైకి పోయి చాలాసేపటికి దిగి వచ్చి, పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టాడు. అందులోంచి తీసిన చార్టులో నిలువు గీత సరిగ్గా అయిదూ నలభై ఒకటి దగ్గరే ఉంది. మేనేజరు దాన్ని విచారణ కాగితాలకు కుట్టేశాడు. మృతుని భార్య స్వయంగా ఇచ్చిన ఆధారం అని కింద రాశాడు.

ఇప్పుడు లాప్‌టాప్ తెరిచి ఆమె మొదట ఫైళ్ల వరస చూసింది. అయిదో తేదీది నాలుగింటికి మొదలైంది. ఏడో తేదీది నాలుగింటికే. ఎనిమిదిది, తొమ్మిదిది, అన్నీ అంతే. ఆరో తేదీది ఒక్కటే నాలుగూ పదహారుకు మొదలైనట్టు పేరుంది.

తిరుమల పంపిన చార్టు తెరిచి, తనదాన్ని కింద పెట్టింది. ఆ పొద్దున గురుడు మంచి ఊపు మీద ఉన్నాడు. అయిదింటి తర్వాత పేలాల చప్పుడు గుంపులు గుంపులుగా పడింది. హైదరాబాద్‌లో మూడు గుంపులు, ఒక ఖాళీ, మళ్లీ రెండు గుంపులు. కమాన్‌పూర్‌లోనూ మూడు, ఒక ఖాళీ, రెండు. గుంపుల రూపంలో వెంట్రుకవాసి తేడా లేదు. కమాన్‌పూర్‌వి మాత్రం పదహారు నిమిషాలు ఆలస్యంగా పడ్డాయి.

గురుడి దగ్గర్నుంచి నలభై నిమిషాలకు పైగా ప్రయాణం చేసి వచ్చిన తరంగం, హైదరాబాద్‌కూ కమాన్‌పూర్‌కూ మధ్య పదహారు నిమిషాలు ఆగదు. కన్నుమూసి తెరిచే లోపల వందసార్లు ఆ దూరం దాటుతుంది. అంటే తప్పు తరంగానిది కాదు, ఫైలు పేరుది. ఎవరో నాలుగు గంటలను నాలుగూ పదహారు చేశారు. దాంతో ఫైలులోని ప్రతి గీతా పదహారు నిమిషాలు పక్కకు జరిగింది.

ఫైలు పేరు సరిచేసింది. చార్టు జరిగింది. గురుడి గుంపులు రెండూ ఒకదాని కింద ఒకటి వచ్చి అతుక్కున్నాయి. ప్లాంటు గీత కూడా వాటితోపాటే వెనక్కి పోయి, అయిదూ ఇరవై అయిదు దగ్గర నిలబడింది. నలభై సెకండ్ల దువ్వెన పళ్లు. తర్వాత ఏమీ లేదు. అయిదూ నలభై ఒకటి దగ్గర ఏ గీతా లేదు.

రిజిస్టరు ప్రకారమే చూసినా, బెల్టు పెట్టినప్పటికి రాజం ఇంకా పైకి రాలేదు. బిళ్ళ ఇంకా కొండికే ఉంది. సెట్టు ఇంకా అతని దగ్గరే ఉంది.

ఈ గదిలోకి వచ్చింది ఒక్క మనిషి. పేరు మార్చడం తెలిసింది ఆ ఒక్క మనిషికే. చప్పుడంతా ప్లాంటుదే అనుకున్నాడు గనుక, ప్లాంటు గీతను జరిపితే చాలనుకున్నాడు. దానితో పాటు గురుణ్ణి కూడా జరిపానని అతనికి తెలియదు.

శోభ లాప్‌టాప్ మూత దించింది. మొదట గుర్తొచ్చింది పెరట్లోని గడ్డపార. సదానందం రోజూ మధ్యాహ్నం వచ్చి వాకిట్లో నులక మంచం మీద తల వంచుకుని కూర్చుంటాడు. ఆ తల మీద ఎక్కడ వేస్తే ఒక్క దెబ్బకు పోతాడో ఆమె లెక్క వేసుకుంది. ఆ ఆలోచన తీపిగా ఉంది. కానీ అలా పోతే అతను నోరు విప్పకుండా పోతాడు. రాజం తాగి చచ్చినవాడుగానే మిగిలిపోతాడు.

తర్వాత గుర్తొచ్చింది ఆ పదహారు నిమిషాలు. అయిదూ ఇరవై అయిదుకు బెల్టు ఆగింది. ఆగయ్య వచ్చింది నలభై రెండుకు. ఈ మధ్యలో సదానందం ఏం చేశాడు? రాజం ఎట్లా ఉన్నాడు?

తిరుమలకు ఫోన్ చేసి అంతా చెప్పింది. తిరుమల వెంటనే పోలీసుల దగ్గరికి పొమ్మంది. పోతానని, కానీ ముందు ఈ మనిషి నోటితో వినాలని శోభ అంది. చార్టు చూపిస్తే గడియారం తప్పంటారు, కంప్యూటర్ తప్పంటారు, లెక్చరరమ్మ కట్టుకథంటారు. నోటి మాటకు అలాంటి సాకులుండవు.

తర్వాత ఒక ప్రశ్న అడిగింది. తమ తీగలకు ప్లాంటు సెట్లలోని మాటలు పడతాయా?

అవి పని చేసేది ఎక్కడో పైన వేరే ఫ్రీక్వెన్సీలోననీ, మన రిసీవర్‌కు చచ్చినా వినపడవనీ తిరుమల చెప్పింది. "నీకు తెలియనిదా ఇది?" అంది.

"నాకు తెల్సు అక్కా. ఆయనకు తెల్వది," అంది శోభ.

ఆ మధ్యాహ్నం సదానందం వచ్చాడు. ఆమె తానే చాయ్ పెట్టింది. అతనికి చక్కెర ఎక్కువ వేయాలి, అదీ మరిచిపోలేదు. గది ఎందుకు దాటావని అతను మెల్లగా మందలిస్తే తల వంచుకుని విన్నది. కప్పు పట్టుకున్న అతని చేతి వేళ్లు చూస్తూ, వీటిలో ఏ వేలు బటన్ నొక్కిందో అనుకుంది. పదకొండో రోజు దినానికి షిఫ్టు వాళ్లందరినీ తప్పకుండా తీసుకురమ్మని అడిగింది. రాజం బిళ్ళను కూడా తెమ్మంది, జ్ఞాపకంగా దాచుకుంటానంది. అతను కళ్లు తుడుచుకుని ఒప్పుకున్నాడు.

అతను పోయాక పూలమ్మ కోడలి పక్కన వచ్చి కూర్చుంది. చక్కెర డబ్బా వైపు చూసింది.

"బలిచ్చే గొర్రెకు గిట్లనే మేత పెడ్తరు," అంది. శోభ ఖాళీ కప్పు కడిగి బోర్లించింది. 

మోటర్లు వైండింగ్ చేసే దస్తగిర్ ఆ వీధి చివర ఉంటాడు. డాబా మీద పైపులు పాతింది అతనే. పదో రోజున శోభ అతని షాపుకు పోయి, దినం నాటికి ఒక స్పీకర్ బాక్సు కావాలంది. సంగతి విన్నాక దస్తగిర్ చేతిలోని రాగి చుట్టను పక్కన పెట్టాడు. బాక్సు తెస్తాననీ, ఫోన్‌లో మొత్తం రికార్డు చేస్తాననీ అన్నాడు. తర్వాత అడిగాడు, రాజం భాయ్ అప్పటికప్పుడే పోయి ఉంటే ఈ ఎత్తు ఎట్లా పారుతుందని.

అదే ఆమె భయం కూడా. రాజం ఒక్క క్షణంలో పోయి ఉంటే, సెట్టులో మాట్లాడి ఉండడు. సదానందం నవ్వి లేచిపోతాడు. ఇక జన్మలో ఆమె మాట ఎవరూ నమ్మరు. మొగుడు బాధపడకుండా పోయి ఉండాలని కోరుకోవాల్సిన మనిషి, ఆ రాత్రంతా దానికి విరుద్ధంగా కోరుకుంది. ఆ సంగతి తెలిసి తనను తాను అసహ్యించుకుంది. దానికి కూడా సదానందం పేరు మీదే శిక్ష రాసుకుంది.

పదకొండో రోజు భోజనాలయ్యాక వాకిట్లో టెంటు కింద ఇరవై మందికి పైగా షిఫ్టు వాళ్లు కూర్చున్నారు. సదానందం రాజం ఫోటో ముందు కూర్చుని, జేబులోంచి బిళ్ళ తీసి అందరూ చూస్తుండగా శోభ చేతిలో పెట్టాడు. నూట పదిహేడు. ఇత్తడి నిగనిగలాడుతోంది.

"ఇది ఆయన జేబులనే దొరికిందా మామా?" అంది.

"ఔ బిడ్డా. అంగీ జేబుల."

శోభ ఆగయ్య వైపు తిరిగింది. శవాన్ని డ్రమ్ము కింది నుంచి లాగి మోసింది ఆగయ్యే. ఆ అంగీ ఎట్లా ఉండెనో చెప్పమంది. ఆగయ్య ఇబ్బందిగా కదిలాడు. జేబు ఎక్కడుందో, అంగీ ఎక్కడుందో తెలియలేదని, అంతా నెత్తుటి ముద్ద అని మెల్లగా చెప్పాడు. తర్వాత అతని చూపు కూడా బిళ్ళ మీద పడింది. దాని అంచుల్లో, అంకెల గాట్లలో ఎక్కడా మరక లేదు.

"కడిగిన బిడ్డా. గట్లనే ఇస్తరా ఎవలన్నా," అన్నాడు సదానందం.

శోభ తలూపింది. ఆయనకు ఇష్టమైన చప్పుడు ఒకటి వినిపిస్తానని, కూర్చోమని అందరినీ అడిగింది. దస్తగిర్ బాక్సు తెచ్చి పెట్టాడు. ఆమె లాప్‌టాప్ తెరిచింది.

మొదట అలలు. టెంటు కింద మాటలు ఆగిపోయాయి. తర్వాత పేలాలు. తర్వాత, ఉన్నట్టుండి, టక్ మని ఒక దెబ్బ, దాని వెనక సన్నటి రొద. ఆ రొద నలభై సెకండ్లు సాగి తెగిపోయింది.

ఇది ఏమిటో చెప్పమని ఆమె దస్తగిర్‌ను అడిగింది. అతను ఆ బెల్టు మోటరును రెండుసార్లు విప్పి చుట్టినవాడు. ఇది దానిదే అన్నాడు. షిఫ్టు వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఔనన్నట్టు తలూపారు.

తర్వాత హైదరాబాద్ రికార్డు పెట్టింది. అవే అలలు, అవే పేలాలు, అదే ఖాళీ. మోటరు మాత్రం లేదు. గురుడు రెండు ఊళ్లలో ఒకే ఘడియలో పలుకుతాడని, హైదరాబాద్‌లో ఆ పేలాలు పడ్డప్పుడు టైం అయిదూ ఇరవై అయిదు అని, తన ఫైలు మీద అదే చప్పుడుకు అయిదూ నలభై ఒకటని రాసి ఉందని, ఒక్క ఆ రోజు ఫైలుకే అట్లా ఉందని, పిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటా విడిగా చెప్పింది. ఎవరు మార్చారో చెప్పలేదు. మూడో రోజు పైకి పోయింది ఎవరో అక్కడ కూర్చున్న వాళ్లలో సగం మందికి తెలుసు.

తలలు ఒక్కొక్కటే సదానందం వైపు తిరిగాయి.

"హైదరాబాద్ గడియారం తప్పేమో," అన్నాడు అతను.  "ఎప్పుడూ చెప్పిన గదా బిడ్డా. అది గురుడు గాదు. ఈడ మోగేదంతా మన ప్లాంటుదే."

"ఔ మామా. నువ్వే నిజం," అంది శోభ. "నా తీగలకు మీ ప్లాంటే వినపడ్తదంటివి. నేనే నమ్మకపోతి. మొన్న కూసోని పూర్తిగా విన్న. బెల్టు బంద్ అయినంక కూడా ప్లాంటు పలుకుతనే ఉన్నది. సెట్టుల మాటలు. ఆయన గొంతు నేను ఎరుగనా?"

సదానందం ముఖంలో రక్తం దిగిపోవడం ఆమె చూసింది. ఆ క్షణం కోసమే రెండు రోజులుగా అతనికి చాయ్‌లో చక్కెర వేసింది. రాజం వెంటనే పోలేదు. ఆమెకు జవాబు దొరికింది. అది గుండెల్లో దిగబడింది.

ఫైలులో అలలు తప్ప ఇంకేమీ లేవు. ఆమె వేలు బటన్ మీద పెట్టింది.

"నువ్వన్నది కూడా ఉన్నది, ఆయనన్నది కూడా ఉన్నది. అందరూ ఇక్కడనే ఉన్నరు. పెట్టాల్నా, నువ్వే చెప్తవా?"

పూలమ్మ లేచి వచ్చి సదానందం ఎదురుగా నేల మీద కూర్చుంది. అతని కళ్లలోకి చూసింది. 

సదానందం చేయి ముందుకు చాచాడు, ఆపమన్నట్టు.

"పెట్టకు బిడ్డా. వాని గొంతు మల్ల వినలేను. నేనే చెప్త.

"అయిదుంబావు దాటింది. బంకర్ల బొగ్గు అయిపోయింది. బయట లారీలోళ్లు హారన్లు కొడ్తున్నరు, మేనేజరు ఫోన్ల తిడ్తున్నడు. రాజం బిళ్ళ కొండికే ఉన్నది. చూసిన. కనపడలేదని అబద్ధం చెప్ప. నీళ్ల నల్ల కాడ ఒక టోపీ లైటు కనపడ్డది. వాడే అనుకున్న. పని అయిపోయి నీళ్లు తాగుతున్నడు, బిళ్ళ మర్చిపోయిండనుకున్న. ముప్పై ఏండ్లల్ల ఒకని బిళ్ళ ముట్టినోణ్ణి గాదు. ఆ పొద్దు ముట్టిన. తీసి జేబుల ఏసుకొని బటన్ ఒత్తిన.

"నిమిషం గాకముందే బెల్టు బిగుసుకున్నది. ఆపిన. ఆపంగనే సెట్టు పలికింది. కాకా, నేను లోపల్నే ఉన్న, అన్నడు. ఉరికిన. నడుం దాక డ్రమ్ము కింద ఉన్నడు. కండ్లు తెరిచే ఉన్నయి. జల్ది దవాఖాన బండిని పిలువు కాకా, అన్నడు. పిలుస్త అన్న. ఇప్పుడే వస్త అన్న.

"పైకి వచ్చి ఫోన్ చేతిల పట్టుకున్న. పట్టుకున్నంక ఆలోచన వచ్చింది. దవాఖానకు పోతే బతుకుతడు. బతికితే బిళ్ళ సంగతి చెప్తడు. బిళ్ళ ముట్టద్దని అందరికీ నేర్పింది నేనే గదా. ఈ ఇరవై మంది ముఖం ఎట్ల చూడాలె? ఫోన్ పక్కకు పెట్టి రిజిస్టరు తెరిచిన. టైములు రాసిన. మందు వాడు తాగలే, అవ్వ మీద ఒట్టు. అంత అయిపోయినంక వాని అంగీ మీద నేనే పోసిన. వాని కాడి సెట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది కూడా అప్పుడే. నువ్వు ఫైలు తెమ్మన్ననాడు నంబరు మార్చింది కూడా నేనే.

"కానీ అవన్నీ తర్వాత సంగతులు. నేను రిజిస్టరు రాస్తున్నంతసేపు వాడు బతికే ఉన్నడు. నా బల్ల మీద ఉన్న కంట్రోల్ రూము సెట్టుల పిలుస్తనే ఉన్నడు. కాకా, యాడున్నవ్, అన్నడు. కాకా, బండి వచ్చిందా, అన్నడు. మూడుసార్లు పిలిచిండు. నాలుగోసారి నీ పేరు పట్టిండు బిడ్డా. శోభకు చెప్పు కాకా, అని ఏదో చెప్పవోయిండు. ఏం చెప్పవోయిండో నాకు తెల్వది. నేను సెట్టు బంద్ చేసిన."